అర బంతి

లాహిజ్‌లో వీధంతా రాళ్ళు పరిచి ఉంటుంది,
రాళ్ళ మీద పొద్దున్నే సుత్తుల చప్పుడు పరుచుకుంటుంది.
సఫ్దర్ ఉస్తాకు మాత్రం అది వినబడదు.
యాభై ఏళ్ళుగా రాగిని కొట్టిన సుత్తి
ఆయన చెవుల్ని కూడా పలచగా సాగగొట్టింది.

అందుకే చెల్లెలి మనవరాలు నజాకత్ పక్కన కూచుంటుంది.
కూజా మెడ తిప్పుతూ, నాలుగు దెబ్బలకోసారి అడుగుతాడు:
"పాట మారిందా?"

మెత్తని రాగి మొద్దుగా పలుకుతుంది.
కొట్టగా కొట్టగా గొంతు సన్నబడి ఖంగుమంటుంది.
అంటే లోపల ఏదో బిగుసుకుంది.

ఏం బిగుసుకుంది?
రాగిలో అణువులు పెళ్ళి భోజనాల్లా బంతులు తీరి ఉంటాయి.
కానీ ఎక్కడో ఒకచోట, రెండు నిండు బంతుల నడుమ
ఒక అర బంతి ఇరుక్కుని ఉంటుంది,
సగం దూరం వచ్చి ఆకులు చాలక ఆగిపోయినట్టు.
లోపమే.
ఆ లోపమే లేకపోతే రాగి ఈ సుత్తికి లొంగేదే కాదు.

నజాకత్ వాళ్ళ బీబీ తివాచీ జరపడం చూడండి:
అంత బరువు ఒక్క ఊపున లాగితే నడుం పట్టేస్తుంది.
ఓ అంచున చిన్న ముడత లేపి
కాలితో తోసుకుంటూ పోతుంది, అటు గోడ దాకా.
ముడత చేరేసరికి తివాచీ జానెడు జరిగింది.
అర బంతి ప్రయాణమూ అంతే,
ఒక్కో విస్తరి దాటుకుంటూ.

అయితే ప్రతి దెబ్బకీ కొత్త ముడతలు పుడతాయి.
ఒకదానికొకటి అడ్డొచ్చి, చిక్కుపడి,
ఏదీ కదలని చోట రాగి గట్టిపడుతుంది.
దాన్నే మనం బలం అంటాం.
ఇంకో నాలుగు వేసి చూడండి, అప్పుడేమంటామో.

మంగళవారం నజాకత్‌కు నిద్ర చాలలేదు.
పాట మారింది. "ఇంకా లేదు బాబా" అంది.
మెడ దగ్గర వెంట్రుకంత గీత.
ఆ చిట్లడమూ ఆయనకు వినబడలేదు,
వేలికి తగిలింది.

ఏమీ అనలేదు. కొత్త రేకు తీశాడు.
ఈసారి ఆమె "మారింది" అనగానే నిప్పుల్లో పెట్టాడు,
దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా.
ఆ వేడికి అణువులు లేచి, సర్దుకుని, మళ్ళీ కూచుంటాయి;
చిక్కులు చాలామటుకు విడిపోతాయి.
నీళ్ళలో ముంచితే చుయ్యిమంది.
ఉక్కైతే ఈ నీళ్ళకే బిర్రబిగిసేది.
రాగి, పడ్డ దెబ్బలన్నీ మరిచిపోయి
మళ్ళీ మొద్దుగా పలికింది.

చిట్లిన కూజా కిటికీలో ఉంది.
నీళ్ళు నిలవవు గానీ
అక్రోటు కాయలు నిలుస్తాయి.
ఇంటికి వెళ్తూ నజాకత్ రోజూ ఒకటి తీసుకుంటుంది,
ముందు ఆ మెడని గోటితో ఒకసారి మీటి.