తలవైపు

నా వంతు రాకముందే లహరిక
చర్మవ్యాధుల సీటు తీసేసుకుంది.
"రాత్రుళ్లు నిద్రన్నా పోతానే" అంది.
నిజమే.
ఐసీయూలో ఒక్క ఏడాదికే
మా సీనియర్ ఇళమారన్ కణతలు నెరిశాయి.
పెళ్లిచూపుల్లో అడిగారట అతన్ని,
"సూది పొడిచేసి వచ్చేస్తారా, అంతేనా?"
బోర్డు మీద పేరుండదు.
బతికితే సర్జన్ హస్తవాసి,
పోతే మత్తెక్కువైంది.

అన్నీ తెలుసు.
కానీ కీల్పాక్‌లో ఆ తెల్లవారుజాము,
కార్పొరేషన్ చీపురు చెంగమ్మ,
ముప్పై ఏళ్లు ఈ నగరంతో తమిళమే మాట్లాడిన మనిషి,
మాస్కు కింద లెక్కపెట్టమంటే
"పది... తొమ్మిది... ఎనిమిది..." అంది,
గూడూరు పక్క యాసలో.
ఏడు బయటికి రాలేదు.

వాళ్లంతా కడుపు దగ్గర,
నేనొక్కదాన్నే తలవైపు.
మూడు గంటలు ఆమె ఊపిరి
నా గుప్పిట్లో నల్ల రబ్బరు సంచి.
ఎవరో పాత పాట కూనిరాగం తీస్తున్నారు,
నేను మాత్రం ఆ ఏడు కోసం చూస్తున్నాను.

లేచాక నన్ను గుర్తుపట్టలేదు.
నీళ్లడిగింది, తమిళంలోనే.

ఇప్పుడు తెర మీద నా ర్యాంకు.
ఫోన్‌లో అన్నయ్య,
"రేడియాలజీ ఉందా ఇంకా?"
ఉంది.
ఏడు, ఆరు, అయిదు అనుకుంటూ
పక్క గడి నొక్కాను.