తోడు

స్టాక్టన్ కోర్టు మూడో అంతస్తులో
ఈసారి నాకు కుర్చీ నంబరు లేదు.
వెనక బెంచీ మీద, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని
పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాను.

పదహారేళ్ల కింద నేను తొమ్మిదో జ్యూరర్ని.
పౌరసత్వం వచ్చిన ఏడాదే పిలుపొచ్చింది.
ఇస్త్రీ చేసిన కాటన్ చొక్కా వేసుకుని
గర్వంగానే వెళ్లాను, దాచడమెందుకు.

కథ చిన్నది.
డోనట్ల కొట్టు, తెల్లవారుజాము నాలుగున్నర.
ఇద్దరు లోపలికి వెళ్లారు.
ఎవలీనా రోచా, పందొమ్మిదేళ్లు,
బయట పాత బ్యూక్ కారులో స్టీరింగు పట్టుకుని కూర్చుంది.
గల్లాపెట్టెలో నూట పన్నెండు డాలర్లు.
కొట్టు యజమాని సోఖోమ్ గారు
పిండి చేతులు పైకెత్తాడో లేదో ఎవరికీ తెలీదు.

తుపాకీ ఉందని ఆ పిల్లకి తెలుసా?
అది మీరు తేల్చక్కర్లేదన్నారు జడ్జిగారు, మర్యాదగానే.
దోపిడీకి ఒప్పుకుందా, అంతవరకే.
మిగతాది చట్టం చూసుకుంటుంది.

"ఇంజను ఆపలేదు" అన్నాడు ప్రాసిక్యూటర్.
మూడుసార్లు అన్నాడు.
ఆపితే మళ్లీ స్టార్టవదు, అంది ఆమె.
ఆ బండి తాళం తిప్పి చూసినవాళ్లు
మాలో గానీ వాళ్లలో గానీ ఒక్కరూ లేరు.

జ్యూరీ గదిలో, చల్లారిన కాఫీ ముందు
నేను తెలుగులో ఆలోచించాను.
తోడల్లుడు ఉన్నాడు, తోడికోడలు ఉంది,
తోడుదొంగ ఉండనే ఉన్నాడు.
తోడుహంతకుడు?
కుళాయి దగ్గర తగాదాల్లో, మా అమ్మమ్మ శాపనార్థాల్లో
అంతటా వెతికాను.
దొరకని మాటకి చెయ్యెత్తాను.

ఆ రాత్రి పాలు తోడుపెడుతూ ఆగిపోయాను.
ఒక్క చెంచా.
తెల్లారేసరికి గిన్నెలో
పాలన్నవి ఎక్కడా మిగలవు.
లోపల ఎవడో వేలు బిగించిన క్షణానికి
బయట కూర్చున్న పిల్ల మనసంతా
అలాగే తోడుకుపోయిందని మేం పన్నెండుమందిమి నమ్మాం.
నమ్మమని చెప్పారు, నమ్మాం.

అప్పట్నుంచి ఎవరికోసం బండి ఆపినా
ఇంజను కట్టేస్తాను.
జులై ఎండలో, మందుల షాపు ముందు,
మా అబ్బాయి ఏసీ ఏసీ అని గోల పెట్టినా సరే.

చట్టం మారిందట.
తోడెళ్లినవాళ్లు ఏం తెలిసి వెళ్లారో, ఎంతదాకా వెళ్లారో
ఇకమీద విడిగా తూచాలట.
మంచిదే. తూనికరాళ్లు మార్చారు.
పాత రాళ్లతో పోయిన పదహారేళ్లు మాత్రం
ఏ పళ్లెంలోనూ కనిపించలేదు.

రోచాని లోపలికి తెచ్చారు. ముప్పై అయిదేళ్లు. కళ్లజోడు.
నావైపు చూసింది, గోడను చూసినట్టు.
ఆమె గుర్తుపడుతుందని
ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో!

గుర్తుపట్టింది సోఖోమ్ గారి కూతురు.
తీర్పు రోజున నా చేయి పట్టుకుని ఏడ్చిన పన్నెండేళ్ల పిల్ల.
"తొమ్మిదో నంబరు కదా మీరు?"
తలూపాను.
"ఆవిడ కాల్చలేదని నాకూ తెలుసు.
కానీ ఆ ఉదయం ఒక్కసారి హారన్ కొట్టుంటే..."
మాట అక్కడే వదిలేసి
నా పక్కన కూర్చుంది.

జడ్జి కాగితాలు తిప్పుతున్నాడు.
మేమిద్దరం ఒకే బెంచీ మీద,
ఎవరి పక్షమో చెప్పుకోలేక,
ఒకరికొకరం
ఆ మాట వాడాలంటే నాకింకా భయమే.