గాడిద అనే ఉంది

షెపర్టన్ దాటాక, కాలువ గట్టు మీద
గ్రోస్‌బర్డ్ ట్రక్కు ఒరిగిపోయి ఉంది.
పియర్ కాయలు సగం రోడ్డు పాలు.
నీటి వాటా కోసం నన్ను కోర్టుకీడ్చినవాడు.
తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.

దాటేశాను.

పాత ధర్మంలో గాడిద అనే ఉంది,
బరువు కింద చతికిలబడ్డ పగవాడి గాడిద.
ట్రక్కని లేదు కదా!
అద్దంలో వాడు, నడుం పట్టుకుని వంగి
ఒక్కో కాయా టోపీలోకి ఏరుతున్నాడు.

రివర్స్ గేరు.

చక్రం వెనక రాయి నేను పెట్టాను,
జాకీ వాడు తిప్పాడు.
వాడితో కలిసి లేపాలట.
హీబ్రూ అక్షరాల మీద
కుడి నుంచి ఎడమకి జరిగే తాత వేలు
ఆ 'కలిసి' దగ్గరే ఆగేది.
నాకప్పుడు ఆకలేసేది.

ఆఖరి నట్టు బిగిసింది.
ఇద్దరం చేతులు ఒకే గుడ్డకి తుడుచుకున్నాం.

నీళ్ల కేసు మంగళవారానికి వాయిదా.
వెళ్తాను.