పన్ను కింద రెండు చుక్కలు

ఆళ్ళగడ్డలో మా నాయన నేర్పింది ఒకటే:
రాతి మీద గీసింది గీసినట్టు తియ్,
నీ తెలివి జేబులో పెట్టుకో.

రుస్తాక్ సనయ్యలో, రేకుల షెడ్డు కింద
ఆ తెలివి జేబులోనే పెట్టుకుని కూర్చున్నాను.
ముందర నాలుగడుగుల సున్నపురాయి,
వేయించిన రవ్వ రంగు.
దాని మీదికి కార్బన్ కాగితంతో దించిన అరబ్బీ గీతలు.
ఏ గీత ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో నాకు తెలీదు.
తెలిసిందల్లా లోతు. అంచు వాలు. అడుగు నునుపు.

కుడి నుంచి ఎడమకు చెక్కడం అలవాటవడానికే
మూడు నెలలు పట్టింది.
మన రాతలో ఉలి పట్టిన చేతి నీడ
అయిపోయిన అక్షరం మీద పడుతుంది,
ఇక్కడ, రాబోయే అక్షరం మీద.
దెబ్బ దెబ్బకూ చెయ్యి పక్కకు జరిపి
చూసుకోవాలి ఏముందో.

పన్నులాంటి చిన్న మిట్ట. పైన ఒక చుక్క.
చెక్కాను.
మన సున్నలాగా గుండ్రంగా కాదు, వాళ్ళ పద్ధతిలో
పలకగా, నాలుగు మూలలూ తెగేట్టు.
నిజం చెప్పాలంటే ఆ రోజు పనిలో
నాకు నచ్చింది అదొక్కటే.

షఫీకుల్ ఆకుపచ్చ డబ్బా మూత ఊడదీసి
వంగి రాయిని చూశాడు, నన్ను చూశాడు,
మళ్ళీ వంగి చూశాడు.
"ఓబులేశూ, ఇల్లేదీ?" అన్నాడు.

పైనున్నది చుక్క కాదంట,
కాగితం మీద మెషిన్ నూనె మరక.
కింద ఉండాల్సిన రెండు చుక్కలు
మడతలో పడి పోయినాయి.
బైత్ అంటే ఇల్లు.
బింత్ అంటే కూతురు.
జువైనా ఇల్లు అని నిలబడాల్సిన తోట వాకిట్లోకి
జువైనా కూతుర్ని తయారుచేశాను.

ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం.
మనకూ ఉన్నదే కదా ఈ గొడవ,
సున్న రాలితే పండు
పడు అయి కూర్చుంటుంది.

ఫోర్‌మన్ తంగచ్చన్ నోరెత్తి ఏమీ అనలేదు.
డైరీలో రాసుకున్నాడు:
రెండు రోజుల కూలి.

సాయంత్రం పికప్పు తనే నడుపుకుంటూ వచ్చిందామె,
వెనక గడ్డిమోపులు, ఒక మేక.
గోరింట పాతబడి ఇటుకరంగుకొచ్చిన వేలు
అక్షరం గాడిలో పెట్టి నడిపింది.
చుక్క దగ్గర ఆగింది.
షఫీకుల్ ఏదో చెప్పబోతే చెయ్యెత్తింది.
నవ్వింది, దగ్గింది,
ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుని ఏదో అంది.

నాకు తర్వాత చెప్పాడు వాడు:
"ఫలజ్ నీళ్ళ వంతుకు నడిరాత్రి లేచి పెంచానా తోటను.
ఇన్నేళ్ళలో అది నా కూతురని ఎవరూ అనలేదు.
రాయి అంది.
సరే, దిద్దండి. నలుగురు చదివే గుమ్మం."

రాతిపొడిలో అరాల్డైట్ కలిపి పైచుక్క పూడ్చాను.
కింద రెండు కొత్తవి తీశాను, చెయ్యి జరిపి జరిపి.
షఫీకుల్ రంగు వేశాడు,
మొదటి పూత రాయే తాగేసింది,
రెండోది కాస్త మిగిల్చింది,
మూడోదానికి ఆకులా మెరిసింది.

గేటు పక్కన నిలబెట్టిన రోజు మిట్టమధ్యాహ్నం
ఎవరు చదివినా ఇల్లే.
సిమెంటు ఆరిందాకా అక్కడే ఉన్నాం.
పొద్దు కొండవైపు వాలి వెలుగు అడ్డంగా పడేసరికి
పూడ్చిన చోటు తేలింది,
ఈనెపుల్లతో పొడిచినంత.
రాయి తన పొడినే తను ఒప్పుకోలేదు.
తంగచ్చన్‌కు చూపించలేదు నేను.
జువైనా గడపలో నిలబడి ఉంది,
చూసిందో లేదో.

డబ్బా అడుగున బెత్తెడు రంగు మిగిలింది.
రాత్రి క్యాంపులో షఫీకుల్ నా మంచం చెక్క మీద
ఏం రాయమంటావన్నాడు, కుంచె పట్టుకుని.
ముందు చుక్కలు పెట్టు, అన్నాను,
అక్షరం సంగతి తర్వాత చూద్దాం.