బుక్కంత

తొంభై మందికి బిర్యానీ అనంగనే
చందా డబ్బ మొకం ముడుసుకున్నది.
సమోసాలు ప్రతి రిటైర్మెంటుకు ఉండేటియే.
"ఈసారి కొత్తగ ఏదన్న" అన్నది డిపో మొత్తం,
అని నా దిక్కు చూసింది.
ఫోన్ల వంటలు చూసేది నేనే అని
ఎవరు చెప్పిండ్రో.

అట్ల, న్యూటౌన్‌ల మా ఇంట్ల
తెల్లారగట్ల నాలుగింటికి
పద్నాలుగు బ్రెడ్డు పొట్లాలు
జిలానీ బేకరీ వాసనతోటి
ఫస్ట్ బస్సుకొచ్చిన చుట్టాల లెక్క
గోడపొంటి కూసున్నయి.

పుదీన, కొత్తిమీర, పచ్చి మిరపకాయలు.
వీడియోల లేని పిడికెడు పల్లీలు
అత్తమ్మ ఏసింది,
"పాలమూరుల పల్లి లేకుంట పచ్చడేంది" అనుకుంట.
కీరా చక్రాలు నీళ్లూరుతుంటె
పాత చీరముక్కల ఒత్తింది.
ఉడికిన గుడ్లు వేరే గిన్నెల,
శనివారపోళ్లకు తగలకుంట.

అంచులు కోసెయ్యాల్నట.
కోసిన.
చాట నిండ ఎర్రటి అంచులు పడుతుంటె
"తినేదానికంటె పారేసేదే ఎక్కువున్నది,
ఇదేం షోకే!" అన్నది అత్తమ్మ.
అడ్డంగ ఒకసారి, నిలువుగ ఒకసారి.
ఒక్కో జత నాలుగు అగ్గిపెట్టెలైంది.
నాలుగొందల ముక్క కాడ
గుచ్చే పుల్లలు ఒడిసినయి.
మిగిలినయి తడిబట్ట కింద
నమ్మకం మీద నిలబడ్డయి.

కత్తి ఆడుతుంటె యాదికొచ్చింది
నేను డ్యూటీ ఎక్కిన తొలినాడు
కుర్మమ్మ చెప్పిన సంగతి:
"డబ్బ మూత తీసే పెట్టుకో సంచిల.
భూత్పూర్ దాటినంక ఒక బుక్క.
బిజినేపల్లి రాకముందు ఒక బుక్క.
నాగర్‌కర్నూల్‌ల కూసొని తిందామనుకుంటివా,
ఆడికి ఆకలే సచ్చిపోతది."
జొన్నరొట్టెల పల్లికారం పెట్టి చుట్టి
ఏలంత ఏలంత తుంచుకునేది.
బుక్క దవుడకు నెట్టి
"టికెట్, టికెట్" అని అరుసుడు
మా డిపోల ఆమెకొక్కదానికే వచ్చు.
నీళ్లు మాత్రం గొంతు తడుపుకొనేటన్నే.
బస్టాండ్ల ఆడోళ్ల గది తాళం
ఎవని జేబులుంటదో
ఇరవై ఎనిమిదేండ్లల్ల ఆమెకు తెలువలె.

ఆయిల్ వాసనల షామియానా ఏసిండ్రు.
డ్రైవర్ తిర్మలయ్య
రెండేళ్లతోటి ఒకటి లేపి, వెలుగుకు పట్టి చూసి
"ఇది శాంపిలా? అసలుది ఎప్పుడొస్తది?" అన్నడు.
మెకానిక్ ఖాజా మాత్రం
నల్లటి చేతుల్ని చూసుకొని
పుల్ల పట్టుకొని నోట్లేసుకున్నడు.
"కడుక్కోకుంట తినే తిండి
ఇన్నేండ్లకు కనిపెట్టిండ్రు" అని
ఇంకో ఆరు పుల్లలు దీసిండు.

కుర్మమ్మ ఆకుపచ్చ నారాయణపేట చీరల వచ్చింది.
ఖాకీ లేని ఆమెను
సగం మంది గుర్తుపట్టలె.
నేను ప్లేటు పట్టిన.
తీసుకోలె.
"ఎన్ని చేసినవ్?"
"అయిదొందల అరవై."
పెదవులు కదిలినయి, లెక్క చూసుకుంటున్నట్టు,
ఆఖరి ట్రిప్పు చిల్లర లెక్క.
"నేనిట్లనే తింటినిగదనే అన్నొద్దులు.
ఇయ్యాల కొయ్యనిది ఒక్కటి లేదా?"

ఉరికిన.
పొట్లం అడుగున ఎవరికీ పనికిరాని
చివరి చెక్కలు రెండు,
ఒకదిక్కంత అంచే.
మిగిలిన పచ్చడంత పూసిన.
ఒక గుడ్డును ఏళ్లతోనే చిదిమి పెట్టిన.

ప్లాస్టిక్ కుర్చీల కూసున్నది.
కప్పిన శాలువ ఒళ్లె పరుసుకొని
రెండు చేతులతోటి పట్టుకున్నది.
నమిలింది. నములుతనే ఉన్నది.
ఉపన్యాసం ఇచ్చేటాయన
ఆమె మీద ఏదో మంచిమాట చెప్తుండె,
ఆమె ఇనలె.

గేటు కాడ నాగర్‌కర్నూల్ బండి
రెండు హారన్లు కొట్టింది.
కాళ్లకు ఎవరు చెప్పాలె?
సగం లేసింది, చెయ్యి భుజానికి వోయింది
లేని సంచి కోసం.
మళ్ల కూసున్నది.
"పోనీ," అన్నది నిండు నోటితోటి,
"నేను ఎక్కలే."

ఆఖరికి ఏళ్లు నాక్కొని
నీళ్లడిగింది.
సగం గిలాసే ఇచ్చిన, ఎప్పటి అలవాటు చొప్పున.
గిలాస చూసింది. నన్ను చూసింది.
"నింపు" అన్నది.