పట్ట

బ్యాంగర్ ఆసుపత్రిలో చీటీ రాసే పిల్ల
తల ఎత్తకుండానే అడిగింది:
పేరు?
కెసియా.
కలం ఆగిపోయింది. ఆగుతుందని నాకు తెలుసు.
ఎనభై ఏడేళ్లుగా కలాలన్నీ
ఇక్కడికొచ్చే ఆగుతున్నాయి.

చెప్తాను, విను. నాకు తొందర లేదు,
నా మోకాలికి అసలే లేదు.

అది హీబ్రూ మాట.
ఒంటెల మీద, మూటల మధ్య
ఒరుసుకుంటూ వచ్చిన మాట.
చెట్టు ఒంటి మీంచి గీకి, వొలిచి
ఎండలో పడేస్తే
తనలోకి తానే చుట్టుకుపోయే బెరడు,
లవంగపట్ట.
మాట వేరులోనే గీరడం ఉందని కొందరంటారు.
నేను పండితురాల్ని కాను,
రాతిపలకలు చీల్చేవాడి కూతుర్ని.

మా ఊరు బెథెస్డా.
ఆ పేరూ అటునుంచి వచ్చిందే,
ఓ ప్రార్థనామందిరం గోడ దిగి
ఊరంతా పరుచుకుంది.
మా వీధిలో ముగ్గురు ఎస్తేర్‌లు, ఇద్దరు ఎలియాసర్‌లు,
ఖర్జూరపు చెట్టు చూసినవాళ్లు ఒక్కరూ లేరు.
మాకు తెలిసిన వాసనలు తడి ఉన్ని, బొగ్గు,
నాన్న చొక్కా దులిపితే రాలే రాతిపొడి.

నాకు ముందు ఒక ఆడపిల్ల.
ఒక్క రాత్రి బతికింది.
పేరు పెట్టేలోగా తెల్లారిపోయింది.
రిజిస్టరులో దాని గడిలో
అడ్డంగా ఒక గీత.

నేను పుట్టాక మూడు రోజులు
అమ్మ గోడవైపు తిరిగే పడుకుందట.
నాలుగో రాత్రి నాన్న, ఇఫాన్ పరీ,
దీపం దగ్గరికి జరిగి చదివాడు,
అన్నీ పోగొట్టుకున్న ఒక మనిషి కథ.
చివర్లో అతనికి మళ్లీ ముగ్గురు కూతుళ్లు.
ముగ్గురికీ పేర్లున్నాయి. నడిమిదాని పేరు ఇది.

"మరి ముందు పోయిన పిల్లలవో?"
గోడవైపు నుంచే అడిగింది అమ్మ.
నాన్న ఆ పేజీ తిప్పాడు,
దాని ముందుదీ, ఇంకా ముందుదీ.
లేవు.

ఆ శనివారం ఐదు మైళ్లు నడిచి
ఇదే బ్యాంగర్‌లో, మందుల కొట్లో
రెండు పెన్నీలకి జానెడు పట్ట కొన్నాడు.
"కడుపునొప్పికా?" అన్నాడట కొట్టువాడు.
"పేరుకి" అన్నాడట నాన్న.
అమ్మ దాన్ని చాలాసేపు వాసన చూసి
అప్పుడు ఇటు తిరిగింది.

బడిలో అర్థం బయటపడిన రోజు
అందరూ నన్ను చెక్కా, చెక్కా అన్నారు.
ఏడుస్తూ క్వారీకి పరిగెత్తాను.
నాన్న ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు.
రాయి పుస్తకంలా తెరుచుకుంది.
"ఇదేమైనా ఏడుస్తోందా?"
ఏమో నాన్నా. తడిగానే ఉంది.

పద్నాలుగో ఏట, మేజోళ్ల కోసం సొరుగు వెతుకుతుంటే
గుడ్డముక్కలో దొరికింది ఆ పట్ట.
జానెడు కాదు, బెత్తెడు.
విరిగిన అంచు గరుగ్గా ఉంది.
ఎలకలు కొట్టాయా అమ్మా?
రొట్టెపిండి పిసుకుతూ అంది:
"దానిది దానికిచ్చేశాను."
మళ్లీ పిండి మీద పిడికిలి,
మళ్లీ, మళ్లీ.

పక్కింటి షోనెడ్ చెప్పింది తర్వాత,
శ్మశానం గోడ వారన, అక్షరం లేని పలక దగ్గర,
వానలో గొంతుక్కూర్చుని
వంటింటి చెంచాతో తవ్విందట అమ్మ.

పిల్ల అంతా విన్నది. మంచి పిల్ల.
"చాలా బావుంది బామ్మా. కానీ గడి చిన్నది.
కెస్ అని రాసేదా?"

వద్దు తల్లీ,
మొత్తం రాయి.
సగం ఎప్పుడో ఇచ్చేశాం.