రెండు వేళ్ళ మేర

డెబ్బై డిగ్రీల దగ్గర తేనెమైనం మాట వింటుంది.
అంతకు మించితే రంగు మాడుతుంది,
తగ్గితే వత్తి మీద పొక్కులు పోస్తుంది.
నాకిప్పుడు థర్మామీటరు అక్కర్లేదు,
తొట్టి మీద అరచెయ్యి చాపితే చాలు.

ముంచడం, లేపడం, ఆరనివ్వడం.
ముప్పైసార్లు ముంచితే బొటనవేలంత లావు.
అది కొర్బీనియన్ పని. నాది చివరి బల్ల.
రంగు మైనపు రేకుల్లోంచి
పావురాన్ని కోసి అతికిస్తాను,
చేపను, నీటి అలను, బిడ్డ పేరును.
బంగారు దారం ఒక చుట్టు.
ఆఖరికి లక్క.

లక్క లేకపోతే మైనం మీద
ఏడాది తిరిగేసరికి తెల్లటి నూగు లేస్తుంది,
ద్రాక్షపండు మీద ఉన్నట్టు.
బూజు కాదండీ, అది మైనం ఊపిరి
అని చెబితే వినేదెవరు?
ఇన్ నది పక్కన ఈ ఊళ్ళోనూ
జనానికి మెరుపే కావాలి.

లోపల తేనెటీగల చెమట.
పైన, ఎక్కడో ఎండదేశపు కొమ్మలను కరుచుకున్న
లక్కపురుగుల చెమట.
ఒకదాన్నొకటి ఎన్నడూ చూడని రెండు పురుగులకు
నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేస్తున్నాను.
కాపురం ఎలా ఉందని
ఒక్కసారీ అడగలేదు.

మార్చిలో, మంచు బురదగా మారే రోజుల్లో
నోట్‌బుర్గా వచ్చింది.
సంచిలో వార్తాపత్రిక, దాని మడతలో
తమ్ముడి జ్ఞానస్నానపు కొవ్వొత్తి.
ఎమ్మెరామ్, 1961. నీలం అక్షరాలు,
మా మామగారి చేతి కోత.
నిన్న ముంచినట్టే మెరుస్తోంది.

"రాత్రి శవం దగ్గర వెలిగించాను" అంది.
"చిటపటమని నల్లటి పొగ.
పై పొర ముడుచుకుని వత్తి మీద పడి
ఆరిపోయింది. మూడుసార్లూ అంతే."
కాసేపాగి,
"వాడూ అంతేలే,
ఆదివారం చొక్కా విప్పకుండానే పోయాడు."

పైన పటారం లోన లొటారం అంటారు గానీ
దీని లోపల లొటారమేమీ లేదు.
మేలైన మైనం.
పటారమే ఊపిరాడనివ్వలేదు.

స్పిరిట్‌లో గుడ్డ తడిపి రుద్దాను.
మొదట జిగురు, తర్వాత పసుప్పచ్చటి మరక.
పావురం రెక్క ఒకటి ఊడొచ్చింది.
"పోనీ" అంది.
మధ్యాహ్నానికి లక్కంతా దిగింది.
అరచేతుల మధ్య కొవ్వొత్తిని దొర్లిస్తే
అరవై రెండేళ్ళ కిందటి జూన్ నెల,
ఎవరి పెరట్లోదో లిండెన్ చెట్టు
గదంతా వాసన వేసింది.
ఇద్దరం కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాం.
డబ్బులు తీసుకోవాలన్న సంగతి
ఆమె వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

శుక్రవారం పాతిపెట్టారు. నేను వెళ్ళలేదు,
ఈస్టర్ ఆర్డర్లు.
చివరిదాకా వెలిగిందని ఎవరో చెప్పారు,
గాలికి ఒక పక్కగా కారిందట.

ఇవాళ బల్ల మీద నూట నలభై.
మెరుపు తగ్గితే వెనక్కి పంపుతామని
పస్సావ్ దుకాణంవాళ్ళు ముందే రాశారు.
వత్తి పట్టుకుని ఒక్కొక్కదాన్నీ
లక్కలోకి దించుతున్నాను.
పైన రెండు వేళ్ళ మేర దించడం లేదు.
మొదటి గంటైనా
అడ్డం లేకుండా వెలగనీ అని.

కొర్బీనియన్ చూశాడు. ఏమీ అనలేదు.
పూత ఆగిన అంచు మీద
బంగారు దారం ఇంకో చుట్టు చుట్టాడు.

వచ్చే ఏడు ఉత్తరాలొస్తాయి,
పైన తెల్లగా బూజు పట్టిందని.

పట్టనీ.